ఖాళీగా మిగిలిన రెండో పేజీ

అమెరికా విశ్వవిద్యాలయాలు తమ దగ్గర చేరబోయే విదేశీ విద్యార్థులకు ఇచ్చే ఐ-20 అనే పత్రాన్ని నేను. నాకు మూడు పేజీలు. మొన్నటిదాకా మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ అటక మీద, చక్రం ఊడిన సూట్‌కేసులో, పాత కరెంటు బిల్లుల కింద పడి ఉన్నాను. నా మొదటి పేజీ మీద ఈ ఇంటి పెద్దమ్మాయి పేరుంది. ఆమె అమెరికాలో అడుగు పెట్టిందంటే అందులో నా వంతూ ఉంది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు. అందుకే నా కథ నేనే చెప్పుకుంటున్నాను.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2023లో వాళ్ల నాన్న బాచుపల్లి ప్లాటు కాగితాలు బ్యాంకులో పెట్టి చదువు లోను తెచ్చారు. ఆ లోను పత్రమూ, పాస్‌పోర్టూ చూసి, విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓ నన్ను తయారుచేసి ఈమెయిల్లో పంపారు. మియాపూర్ క్రాస్‌రోడ్స్ దగ్గరి జిరాక్స్ షాపులో కాగితం మీదికి వచ్చాను. మొదటి పేజీలో ఒక పక్క ఏడాది చదువుకయ్యే ఖర్చు, ఇంకో పక్క అది ఎక్కడి నుంచి వస్తుందన్న లెక్క. ఆ అంకెల వెనక ఒక కుటుంబం పాతికేళ్ల జీతం ఉందని నాకు తెలుసు. నా మీద ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబరు ఒకటి ఉంటుంది. ఆ నంబరుతోనే నాకు ప్రాణం.

సెవిస్ అంటే అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే కంప్యూటర్ వ్యవస్థ. అది రాకముందు మా వాళ్లు వట్టి కాగితాలే, ఎవరు ఎక్కడున్నారో చూసేవాళ్లు లేరు. 2001 సెప్టెంబరు 11న విమానాలతో దాడి చేసిన వాళ్లలో ఇద్దరికి విద్యార్థులుగా అనుమతి ఇచ్చినట్టు తెలిపే కాగితాలు, వాళ్లు చచ్చిన ఆరు నెలలకు, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని విమాన శిక్షణ పాఠశాలకు తపాలాలో చేరాయి. అవీ మా వంశంవే. ఆ మచ్చ తర్వాత, 2003 నుంచి మమ్మల్ని సెవిస్‌లోంచే పుట్టించడం మొదలుపెట్టారు. ఇప్పుడు పిల్లలు క్లాసులు మానినా, చిరునామా మార్చి పది రోజుల్లోగా చెప్పకపోయినా ఆ తేడా అక్కడ పడుతుంది.

మా పాతవాళ్ల కష్టం వేరు. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008 దాకా లేదు. అప్పటి పిల్లలు మా వాళ్లను ఫైల్లో పెట్టుకుని చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లేవాళ్లు. తర్వాత బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లోకి కాన్సులేట్ వచ్చింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలో కొత్త భవనానికి మారింది. నేను పుట్టింది ఆ ఏడాదే గనక నా ప్రయాణమంతా ఊళ్లోనే సాగింది. వేలిముద్రల రోజు మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ స్టేషన్ కింది అంతస్తులో ఉన్న వీసా కేంద్రానికి వెళ్లాం. సెవిస్ ఫీజు 350 డాలర్లు. వీసా ఫీజు ఆ జూన్‌లోనే 160 నుంచి 185 డాలర్లకు పెరిగింది. వాళ్ల నాన్న ఆ రెండు రసీదులనూ నాకు పిన్ను కొట్టి పెట్టారు.

ఇంటర్వ్యూకి ముందు రోజుల్లో నాకు జరిగిన గౌరవం మళ్లీ ఎన్నడూ జరగలేదు. దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, పై అంచున కుంకుమ బొట్టు పెట్టారు. తల్లీకూతుళ్లు చిలుకూరు గుడికి వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చారు. వీసా వస్తే నూట ఎనిమిది చేస్తామని మొక్కుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర వాళ్ల నాన్న నన్ను ముందు పెట్టుకుని ఆఫీసరులా ప్రశ్నలడిగేవారు. “ఈ యూనివర్సిటీనే ఎందుకమ్మా? ఖర్చు ఎవరు పెడుతున్నారు? చదువయ్యాక ఏం చేస్తావు?” ఆ అమ్మాయి తడబడకుండా చెప్పేది, నన్ను చదివింది గనక. అప్పట్లో చదివింది.

ఇంటర్వ్యూ రోజు కాన్సులేట్‌లో కిటికీ దగ్గర ఆఫీసరు పాస్‌పోర్టునూ నన్నూ తీసుకున్నాడు. రెండు మూడు ప్రశ్నలు, కంప్యూటరు మీద వేళ్ల చప్పుడు. పాస్‌పోర్టు ఉంచుకుని నన్ను తిరిగిచ్చేశాడు. వీసా వచ్చింది. అదే వరసలో ముందున్న అబ్బాయికి 214(బి) కాగితం చేతిలో పెట్టారు. చదువయ్యాక తిరిగి వెళతాడన్న నమ్మకం కలగలేదని దాని అర్థం. ఆ అబ్బాయి చేతిలోనూ నాలాంటిదే ఒకటుంది. అతను దాన్ని మడిచి జేబులో కుక్కుకోవడం చూశాను. అంకెల్లో తప్పు లేదు, నంబరు సరిగానే ఉంది, అయినా దాని పని అక్కడితో అయిపోయింది. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు బాధగా ఉంటుంది.

నాలుగు రోజులకు పాస్‌పోర్టు వచ్చింది. దాని లోపలి పేజీలో వీసా అంటించి ఉంది. ఇంటిల్లిపాదీ దానికి ఫొటోలు తీసి గుంటూరు, నరసరావుపేట బంధువులందరికీ పంపారు. పెళ్లయ్యాక శుభలేఖకు పట్టే గతే నాకు పట్టింది. ఒక నిజం చెప్పాలి. వీసా అనేది విమానాశ్రయంలో తలుపు దాకా వచ్చి తట్టడానికి ఇచ్చిన అనుమతి, అంతే. లోపలికి రానిచ్చేదీ లేనిదీ తలుపు దగ్గర కూర్చున్న అధికారి నిర్ణయిస్తాడు. ఎందుకొచ్చావని అతను అడిగితే జవాబు నేను. లోపలికి వెళ్లాక వీసా గడువు అయిపోయినా చదువు ఆగదు, నియమం తప్పి నా ప్రాణం పోతే మాత్రం ఒక్కరోజు కూడా గడువు ఉండదు. నా మీద వేసిన చదువు మొదలయ్యే తేదీకి ముప్పై రోజుల కంటే ముందు వస్తే, వీసా ఉన్నా సరే దేశంలోకి రానివ్వరు. ఈ చివరి నియమం నా మూడో పేజీలోనే అచ్చేసి ఉంది.

ఇక నా మనసులోని మంట గురించి. బయల్దేరే రాత్రి చేతిసంచీ బరువు ఏడు కిలోలు దాటింది. ఆవకాయ, కంది పొడి, సున్నుండలు అప్పటికే పెద్ద సూట్‌కేసులోకి చేరాయి. “ఈ ఫైలు కూడా అందులో పెట్టేయమ్మా, పాస్‌పోర్టు చేతిలో ఉందిగా” అని ఒక బంధువు సలహా ఇచ్చాడు. అమ్మాయి పెట్టేసింది. శంషాబాద్ నుంచి షికాగో దాకా నేను చీకట్లో పచ్చడి ప్యాకెట్ల పక్కన ఉన్నాను. అక్కడ సామాను చేతికందేది ఇమిగ్రేషన్ దాటాకే. అధికారి నన్ను అడిగాడు. తను ఇవ్వలేకపోయింది. పక్కగదిలో కూర్చోబెట్టారు. కంప్యూటర్లో వివరాలు చూసి, ముప్పై రోజుల్లో పత్రాలు సమర్పించమని ఐ-515ఏ అనే కాగితం ఇచ్చి పంపారు. అలా ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు, వెనక్కి పంపినా అడిగేవాళ్లుండరు. బ్యాగేజీ బెల్టు దగ్గర సూట్‌కేసు తెరిచి నన్ను తీసి చూసుకుని తను ఏడ్చింది. అంత చదువుకున్న పిల్ల, ఒక్క రోజు నన్ను చేతిలో పట్టుకోలేకపోయింది.

గడువులోపలే డీఎస్ఓ సాయంతో అది సరైంది. ఆ పైన తను నన్ను పుస్తకాల మధ్య జాగ్రత్తగా ఉంచుకుంది. సెమిస్టరుకు తొమ్మిది క్రెడిట్లు, లైబ్రరీలో వారానికి ఇరవై గంటల పని, అంతకు మించి చేయలేదు. అక్కడ తను అద్దెకున్న ఇంట్లోనే ఉండే ఇంకో విద్యార్థి ఊరవతల పెట్రోలు బంకులో రాత్రిళ్లు నగదు జీతానికి చేసేవాడు. లోను వాయిదాలు భయపెడతాయి, తెలుసు. కానీ అనుమతి లేని పని బయటపడితే డీఎస్ఓ కూడా కాపాడలేరు. అలా పోయిన విద్యార్థి హోదాను అమెరికాలో ఉండగానే తిరిగి తెచ్చుకునే దారి నిబంధనల్లోనే మూసి ఉంది. ఆ అబ్బాయి తాలూకు ఐ-20 వంటగది డ్రాయరులో కూపన్ల మధ్య ఉండేది. ఒక్కసారి కూడా దాన్ని తెరిచి చూడలేదు.

మా వంశానికి పడిన పెద్ద దెబ్బలు రెండు, రెండూ తెలుగు పిల్లలకే ఎక్కువ తగిలాయి. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటుండేది. 2011 జనవరిలో దాని మీద దాడులు జరిగే నాటికి అందులో పేరున్న వాళ్లు పదిహేను వందల పైమాటే. అందులో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. డబ్బు తీసుకుని మా వాళ్లను అమ్మిందని తేలి, ఆ సంస్థ యజమానురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కొందరు పిల్లల చీలమండలకు నిఘా పట్టీలు కట్టారు. హైదరాబాద్ పేపర్లలో ఆ కాళ్ల ఫొటోలు వచ్చాయి. రెండోది మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. దాన్ని పెట్టింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే. క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. అయినా గుర్తింపు ఉన్న సంస్థల సర్కారు జాబితాలో దాని పేరుంది, మా వాళ్లు అక్కడి నుంచి అచ్చంగా నాలాగే వచ్చారు. 2019 జనవరి చివర్లో ఒక్కసారిగా అరెస్టులు మొదలై 130 మంది దాకా పట్టుబడ్డారు, ఒకరు తప్ప అందరూ భారతీయులే. తెలిసి చేరినవాళ్లున్నారు, మధ్యవర్తుల మాట నమ్మి చేరినవాళ్లూ ఉన్నారు. ఆ ఉచ్చు పన్నిన తీరు న్యాయమా అని అక్కడా ఇక్కడా చాలామంది అడిగారు. నేనూ అడుగుతున్నాను. ప్రభుత్వమే నా వాళ్ల చేత అబద్ధం చెప్పించింది.

మళ్లీ నా సంగతికొస్తాను. నా రెండో పేజీ ప్రయాణాలకూ ఉద్యోగ అనుమతులకూ పెట్టింది. సెలవులకు ఇండియా వచ్చి తిరిగి వెళ్లాలంటే అక్కడ డీఎస్ఓ సంతకం ఉండాలి, అది ఏడాది పనికొస్తుంది. ఆ సంతకం కోసం నేను ఎదురుచూశాను. 2024 డిసెంబరులో మేనత్త కొడుకు పెళ్లికి తను బయల్దేరింది. సంతకం అడిగితే, డీఎస్ఓ ఆ సంతకంతో కొత్త ఐ-20నే ఈమెయిల్లో పంపారు. దాని మీద ‘కంటిన్యూడ్ అటెండెన్స్’ అని ఉంది, నా మీద ‘ఇనిషియల్ అటెండెన్స్’ అని. ఈసారి ఫైలు భుజాన వేలాడే సంచీలోనే ఉంది. నేను అప్పుడే పాతదాన్నైపోయి సూట్‌కేసు అడుగున వచ్చాను. పెళ్లయ్యాక తను వెళ్లిపోయింది, నేను మిగిలాను. వాళ్లమ్మ నా వెనక పేజీ మీద పెళ్లిలో చదివించిన వాళ్ల పేర్లు, మొత్తాలు రాసుకుంది. ఆ తర్వాత అటక. వేసవుల్లో అక్కడ వేడికి కాగితం పెళుసెక్కింది, నాకు పిన్ను కొట్టిన రసీదుల మీద అక్షరాలు వెలిసిపోయాయి. కింద వీడియో కాల్లో తన గొంతు వినపడుతుండేది, చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, ఓపీటీ, వచ్చిందని, ఉద్యోగంలో చేరానని. ఆ ఉద్యోగానికి నేనే మొదటి మెట్టునని కింద ఎవరికి గుర్తుంటుంది?

మొన్న తనకే గుర్తొచ్చింది. “నాన్నా, పాత ఐ-20లన్నీ కావాలి, హెచ్-1బి ఉద్యోగ వీసా కోసం లాయరు అడుగుతున్నారు. మొదటిది మన ఇంట్లోనే ఉండాలి.” వాళ్ల నాన్న అటక ఎక్కి దుమ్ము కొట్టుకుంటూ నన్ను కిందికి దించారు. తర్వాత ఏ దరఖాస్తులో ఎప్పుడు అడుగుతారో తెలియదు గనక మమ్మల్ని ఒక్కటీ పారేయకూడదు. విశ్వవిద్యాలయాలు కూడా చదువయ్యాక మూడేళ్లకు మించి మా రికార్డులు ఉంచాలన్న నియమం లేదు.

బల్ల మీద నా పక్కన ఇంకో ఐ-20 ఉంది. ఈ ఇంటి చిన్నవాడిది, ఆ ఉదయమే ప్రింటు తీసుకొచ్చాడు. ఒక కన్సల్టెన్సీవాళ్లు ఇప్పించారట. చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ పేరుతో, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతితో, ఉద్యోగం చేసుకోవచ్చు, క్లాసుకు ఎప్పుడో ఒకసారి వెళితే చాలు అన్నారట. ఫోను స్పీకరులో అక్క అడిగింది. “ఒరేయ్, పాఠాలు ఎక్కడ చెబుతారు? ఎవరు చెబుతారు? అక్కడ చదివినవాళ్లతో నువ్వు మాట్లాడావా? ఏడాదంతా ఫుల్‌టైమ్ సీపీటీ చేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ ఉండదని వాళ్లు నీకు చెప్పారా?”

తమ్ముడు ఆ కాగితాన్ని తిప్పి చూశాడు. వాళ్ల నాన్న కళ్లజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. “చదువు బాబూ, పైనుంచి మొదలుపెట్టు, నేనూ వింటాను” అన్నారు. వాడింకా సెవిస్ ఫీజు కట్టలేదు.