ఏ అక్షరానికి ఎన్ని డాలర్లు?

పూర్వం ఒక సన్యాసి గోచీని ఎలుక కొరికింది. ఎలుక కోసం పిల్లిని తెచ్చాడు. పిల్లికి పాలు కావాలని ఆవును, ఆవుకు మేత కావాలని పొలాన్ని, పొలం చూసే మనిషి కావాలని పెళ్లాన్ని తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను. డాలస్ శివార్లలో ఇల్లు కొన్నాడు. గ్యారేజీ నిండిపోయి కారును ఎండలో పెట్టుకుంటున్నాడు. ఈసారి ఆయన గోచీ పేరు మోడల్ రాకెట్ స్టార్టర్ సెట్. ఆ సన్యాసిని నేనే.

ముప్పై చిల్లర డాలర్లు. పదేళ్ల కొడుకు పుట్టినరోజు. ఇంతకంటే చవగ్గా అంతరిక్షం ఎక్కడ దొరుకుతుంది? పెట్టె విప్పితే అట్టగొట్టం, ప్లాస్టిక్ ముక్కు, రెక్కలు, పారాచూట్, నిలబెట్టడానికి మూడడుగుల కడ్డీ, నొక్కడానికి ఒక బటను. మోటారు లేదు. మండపం మాది, పెళ్లికొడుకుని మీరే తెచ్చుకోండి అన్నట్టు. బటను పెట్టెకి బ్యాటరీలు లేవు. పారాచూట్ కాలకుండా గొట్టంలో కుక్కే నిప్పంటని కాగితం లేదు. జిగురు లేదు. మళ్లీ కొట్టుకు పరుగు.

మోటారు మీద ‘ఏ8-3’ అని రాసుంది. ‘ఏ’ అంటే దాని మొత్తం శక్తి ఏ తరగతిదో చెప్పే అక్షరం. 8 అంటే సగటున ఎన్ని న్యూటన్ల తోపుడో. 3 అంటే మంట ఆగాక పారాచూట్ బయటికి రావడానికి పట్టే సెకన్లు. ఎంత ఖరీదో మాత్రం ఆ లెక్కలో లేదు. ఒక్కోటి నాకు నాలుగు డాలర్లు పడింది, మండింది సెకను కూడా లేదు. రెప్ప వేశారా, నాలుగు డాలర్లూ చూడకుండానే పోయినట్టు.

తెనాలి నుంచి నాన్న వీడియో కాల్‌లో చూశారు.

“ఇది మన దీపావళి జువ్వే కదరా? ఖాళీ సీసాలో పెట్టి వెలిగించేవాళ్లం.”

“కాదు నాన్నా. ఇది పారాచూట్ వేసుకుని తిరిగొస్తుంది, మళ్లీ ఎగరెయ్యొచ్చు.”

“వచ్చిందా?”

“పక్కింటి వాళ్ల చెట్టు మీదుంది.”

నిజానికి ఈ ఆటను కనిపెట్టినవాడు కోటీశ్వరుడు కాదు. నెబ్రాస్కాలోని నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్. సోదరుడు రాబర్ట్‌తో కలిసి 1954లో ఇలాంటి రాకెట్లు తయారుచేశాడు. ఇంట్లో మందు కూరి రాకెట్లు చేసుకుంటూ పిల్లలు గాయపడుతున్నారని హ్యారీ స్టైన్ అనే ఇంజనీరు 1957లో పత్రికలో రాస్తే, కార్లైల్ తన రాకెట్లను ఆయనకు పంపాడు. మందు ముందే కూరిన మోటారు, తేలిక వస్తువులు, దూరం నుంచి కరెంటుతో వెలిగించడం. పిల్లల వేళ్లు దక్కాయి. తండ్రుల జేబులకు మాత్రం ఏ భద్రతా నియమావళీ ఇంతవరకు రాయలేదు.

మొదటి ‘ఏ’ మోటారు ఎగిరినప్పుడు మావాడు గెంతాడు. “నాన్నా, మళ్లీ!” అన్నాడు. వాడు అక్కడే తృప్తిపడ్డాడు. నాకే చాల్లేదు. ‘ఏ’ తర్వాత ‘బి’ ఉందని తెలిసిన తెలుగు తండ్రి ఊరుకోగలడా? అక్షరం మారినప్పుడల్లా శక్తి పరిమితి రెట్టింపు. ఏడు మెట్లెక్కి ‘హెచ్’ చేరేసరికి 128 రెట్లు. అక్కడ సర్టిఫికెట్ కావాలి. దాని కోసం జాతీయ సంఘాల్లో ఒకదానికి చందా కట్టి సభ్యుడు కావాలి, ‘హెచ్’తోనో ‘ఐ’తోనో రాకెట్ ఎగరేసి, దాన్ని చెక్కుచెదరకుండా తెచ్చి చూపించాలి. వాడికి పదేళ్లు, కాబట్టి పరీక్షకు నిలబడింది నేను. ఎత్తు కొలిచే పరికరం కొన్నాను. ఎక్కడ పడిందో చెప్పే జీపీఎస్ కొన్నాను. అది చెప్పిన చోటికి నడవడానికి బూట్లు కొన్నాను.

“ఇదంతా వాడి కోసమా, మీ కోసమా?” అంది మా ఆవిడ.

“వాడి భవిష్యత్తు కోసం.”

అబద్ధమేమీ కాదు. ఇక్కడ 2003 నుంచి బడిపిల్లలకు దేశవ్యాప్తంగా రాకెట్ పోటీ జరుగుతోంది. పచ్చి కోడిగుడ్డును పైకి పంపి పగలకుండా దించాలి. గుడ్డు దిగితే కాలేజీ దరఖాస్తులో ఒక లైను దిగుతుందని మావాళ్ల ఆశ. ఈ మొత్తం బిల్లులో నాకు గిట్టుబాటైన సరుకు ఆ గుడ్లే. పగిలినా అట్టు వేసుకోవచ్చు.

మొన్న దీపావళికి తెనాలి వెళ్లాం. విమానంలో రాకెట్ రానిస్తారు, మోటార్లు రానివ్వరు. చేతిసంచీలోనూ వద్దు, పెట్టెలోనూ వద్దు. అలా నా రాకెట్ అన్ని అక్షరాలూ దాటొచ్చి షోకేసులో కొండపల్లి ఏనుగు పక్కన నిలబడింది. ఆ సాయంత్రం మావాడు తాతయ్యతో కలిసి ఖాళీ సీసాలో జువ్వ పెట్టాడు. సీసా ఒరిగి, జువ్వ ఎదురింటి డాబా మీదికి పోయింది. లోపల ఎవరో కేకలేశారు.

“తాతయ్యా, మళ్లీ!” అన్నాడు వాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. “ఈ లాంచ్ ప్యాడ్ ఎంతైంది నాన్నా?”

ఆయన సీసాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“అవడమేంట్రా? పాతసామాన్లవాడికి వేస్తే వాడే రెండు రూపాయలిస్తాడు.”