వెయిటింగ్ లిస్టు

ఒకప్పుడు గుంటూరులో శుభలేఖ మీద ముహూర్తం తర్వాత అంత శ్రద్ధగా అచ్చేయించేది పీపీ నంబరునే. ఫోను పక్కింటివాళ్లది, గొప్ప మనది. వాళ్లబ్బాయి గోడమీంచి కేకేస్తే, పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తేవాళ్లం. మనం మాట్లాడినంతసేపూ పక్కింటి పిన్నిగారు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. మన ఇంటి సంగతులే ఆవిడకి అద్దె.

సొంత ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టి వెయిటింగ్ లిస్టు ఎక్కాలి. పిల్ల పుట్టగానే పెడితే పెళ్లిచూపుల నాటికి వస్తుందని బ్రాడీపేట పెద్దలు లెక్కగట్టేవారు. అబ్బాయి టెలిఫోన్స్‌లో చేస్తున్నాడంటే కట్నం మాట తర్వాత, ముందు ఫోను సంగతి కదిపేవారు.

మా ఇంట్లో ఫోను పెట్టించిన రోజే నాన్న డయలుకి బుల్లి తాళం వేసి, చెవి జందేనికి కట్టుకున్నారు. మేం రిసీవరు కిందుండే మీటని టకటకా కొట్టి నంబరు కలిపేవాళ్లం. అయిదుకి అయిదు దెబ్బలు, సున్నాకి పది. సున్నాలు ఎక్కువున్న స్నేహితులతో స్నేహం పలచబడింది.

2000 అక్టోబరు 1న ఆ టెలిఫోన్ల శాఖ బోర్డు మార్చుకుని బీఎస్‌ఎన్‌ఎల్ అయింది. 2002లో సెల్‌వన్ మొబైల్ తెస్తే సిమ్ము కోసం జనం బారులు తీరారు. మిర్చి యార్డులో 9440తో మొదలయ్యే సెల్‌వన్ నంబరున్నాయన మాటకి ధర కాస్త ఎక్కువే పలికేది. ఆ ఊపులో ఇంకో పదేళ్లు గడిచిపోతాయనుకున్నారు కాబోలు.

2010లో 3జీ వేలం జరిగింది. ప్రైవేటు కంపెనీలు పాడుకున్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ పాటలోనే లేదు, స్పెక్ట్రమ్ ముందే చేతికిచ్చారు. తీరా పాట ముగిశాక, వాళ్లు పెంచిన ధరే నువ్వూ కట్టమన్నారు. పదివేల కోట్లు దాటింది. పక్కవాడు పాడిన రేటుకి నోరెత్తకుండా మిర్చి టిక్కీలు ఎత్తుకెళ్లే షావుకారు మన యార్డులో ఉంటే, మర్నాడు వాడి కొట్టు తాళం మనమే వేసొస్తాం. అదే ఏడు 9.3 కోట్ల మొబైల్ లైన్ల టెండరూ రద్దయింది. టవర్లు పెంచాల్సిన కాలం ఫైళ్లు పెంచడంలో పోయింది. ఇందులో కింది ఉద్యోగుల తప్పు ఎంతని అడిగితే, నా మటుకు నేను తక్కువే అంటాను.

2015లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా ల్యాండ్‌లైన్ నుంచి ఎక్కడికైనా ఉచితంగా మాట్లాడుకోమన్నారు. గొప్ప పథకమే. కాకపోతే అప్పటికి ల్యాండ్‌లైన్ ఉంచుకున్నవాళ్లంతా ఎనిమిదిన్నరకే మజ్జిగ తాగి పడుకునే వయసువాళ్లు.

2016 సెప్టెంబరులో జియో 4జీతో దిగింది. బీఎస్‌ఎన్‌ఎల్‌కి 4జీ స్పెక్ట్రమ్ ఇస్తామని ఢిల్లీ నిర్ణయించడానికే 2019 వచ్చింది. ఆ తర్వాత టెండరు పిలవడం, రద్దు చేయడం, పరికరాలు స్వదేశీవే కావాలనడం. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి ఆ 4జీ నెట్‌వర్కు కట్టి, 2025 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభోత్సవం చేసేసరికి తొమ్మిదేళ్లు. మన బ్రాడీపేట పెద్దల లెక్కలో పిల్ల ఇంకా నాలుగో తరగతే కాబట్టి మరీ ఆలస్యమని అనలేం. ఈలోగా 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా ఒకేసారి స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. ఆ సాయంత్రం పూలదండల వ్యాపారం ఒక్కటే లాభాల్లో నడిచి ఉంటుంది.

మా బాబాయ్‌కి ఇప్పటికీ 9440 నంబరే. 2011లో నంబరు మారకుండా కంపెనీ మారే వీలు రాగానే మొదటి వారంలోనే ప్రైవేటుకి దూకాడు. 2024 జులైలో ప్రైవేటువాళ్లు రేట్లు పెంచేసరికి ఆయనకి దేశభక్తి పొంగుకొచ్చి, శంకర్ విలాస్ దగ్గర ఇంకో సిమ్ము తీసుకుని రెండో అరలో వేశాడు. మాటలకీ, వాట్సాప్‌కీ మొదటి అరలోదే.

"మరి రెండోది దేనికి బాబాయ్?"

"ఉండనీరా, గవర్నమెంటుది. ఊరికే పోదు."