మా కాలనీ చిరుత

మా కాలనీలో జంతువులు వాట్సాప్‌లో పెరుగుతాయి. రాత్రి పదింటికి పార్కు వెనక పొదల్లో ఏదో కదిలిందంటే పదిన్నరకల్లా దానికి తోక మొలుస్తుంది, పదకొండింటికి మచ్చలొస్తాయి. తెల్లారి పాలప్యాకెట్లు వచ్చేవేళకి వెంట రెండు పిల్లలు కూడా ఉంటాయి.

మొన్న చిరుత అలాగే పుట్టింది. సాక్ష్యంగా ఫొటో కూడా వచ్చింది. నిండా చీకటి, మధ్యలో పచ్చగా రెండు చుక్కలు. చిరుత కావచ్చు, ఎవరింట్లోనో ఇన్వర్టర్ కావచ్చు. "కుక్కలన్నీ ఒకటే మొరుగుడు సార్" అని వాచ్‌మన్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఫుడ్ డెలివరీ కుర్రాడికీ అవి రోజూ అదే మర్యాద చేస్తాయన్నది ఆ రాత్రి ఎవరికీ గుర్తురాలేదు.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. 2020 మేలో, లాక్‌డౌన్‌లో, కాటేదాన్ అండర్‌పాస్ దగ్గర నడిరోడ్డు మీద అచ్చమైన చిరుతే పడుకుంది. 2024 మేలో శంషాబాద్ విమానాశ్రయం దగ్గర బోనులో పడ్డదీ చిరుతే. అదే ఏడాది అక్టోబర్లో మియాపూర్ మెట్రో స్టేషన్ వెనక తిరుగుతోందని జనం హడలిపోయిన జంతువు మాత్రం, అటవీ శాఖవాళ్లు పాదముద్రలు చూశాక అడవిపిల్లిగా తేలింది.

మా కాలనీకీ అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చాడు. కడుతున్న ఇంటి ముందు తడి ఇసుకలో ముద్రలున్నాయని కబురు. ఆయన వచ్చేలోపే కాలనీ మొత్తం ఆ ఇసుకలో నిలబడి సెల్ఫీలు దిగేసింది. ఇటుకల చాటున ఒక్క ముద్ర బతికి బయటపడింది. గోళ్ల గుర్తులు పడితే కుక్క; నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకునేది పిల్లిజాతి. ఇక్కడ గోళ్లు లేవు. అందరి గుండెలూ ఝల్లుమన్నాయి. ఆయన తాపీగా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ముద్ర పక్కన పెట్టి ఫొటో తీసుకున్నాడు. రెండు బిళ్లల వెడల్పు కూడా లేదు. ఎదిగిన చిరుతదైతే మూడు పట్టాలట.

మొదట చూసిన ఆంటీ ఊరుకోలేదు.

"నేను కళ్లారా చూశానండీ."

"మచ్చలున్నాయా మేడమ్?"

"చీకట్లో మచ్చలెలా కనిపిస్తాయి?"

"మరి చిరుతని ఎలా అనుకున్నారు?"

"నడకలో ఆ ఠీవి చూడాలి మీరు!"

ఆయన ఠీవి సంగతి రాసుకోలేదు. ఎన్నింటికి, ఎక్కడ, ఎటు పోయింది, ఈ మూడూ చెబితే చాలన్నాడు. కనిపిస్తే మాత్రం చుట్టుముట్టొద్దని రెండుసార్లు చెప్పాడు.

మావాళ్లకి చిన్న జీవులు ఆనవు. మా గోడ పక్క పాకే జెర్రిపోతులన్నీ నాగుపాములే. చెరువుగట్టు ముంగిసని ఎవరూ లెక్కచెయ్యరు. కరెంటు తీగ మీద కూర్చునే పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. అది మావాళ్లకి ఏడాదికోసారి, దసరానాడే కళ్లబడుతుంది.

పిల్లి అని తేలినా గొడవ ఆగలేదు. అద్దెకున్నవాళ్లు చిరుతే అంటారు, పిల్లలున్న ఇల్లు కాబట్టి అద్దె తగ్గించాలంటారు. ఓనర్లు పిల్లే అంటారు, అదీ బక్కపిల్లి. సెక్రటరీ గారు చివరికి గ్రూపులో ప్రకటన పెట్టారు: "అది పిల్లి. దీనిమీద ఇక చర్చ వద్దు. మూడో లైన్లో తూర్పు ముఖం ప్లాట్లు రెండు అమ్మకానికి ఉన్నాయి."