ఇంకు ప్యాడూ, కాస్త పక్కకు జరుగు

ఊదా మరకల డబ్బాలో ఉండే ఇంకు ప్యాడుకు,

తొండుపల్లి నుంచి, సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పే ఒక వాలంటీరు రాస్తున్న ఉత్తరం ఇది. నువ్వు చదవలేవని తెలుసు. మా దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళూ చదవలేరు. కాకపోతే వాళ్ళు నేర్చుకుంటున్నారు.

మా ఊరు నీకు బాగా తెలుసు. శంషాబాద్ దాటి బెంగుళూరు హైవే మీద వస్తే తగిలే ఊరు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచాక ఇక్కడ నేల ధర ఎకరాల్లోంచి గజాల్లోకి వచ్చింది. నాట్లకూ కలుపులకూ పోయిన చేతులు ఇప్పుడు హోటళ్ళలో, గోదాముల్లో, హౌస్‌కీపింగ్ పనుల్లో ఉన్నాయి. బతుకు మారిన ప్రతిసారీ ఒక కాగితం వచ్చింది. అమ్మకం కాగితం, సంఘం లోను కాగితం, పింఛను ఫారం, కాంట్రాక్టరు హాజరు బుక్కు. ప్రతి కాగితం పక్కనా మూత తీసుకుని నువ్వు తయారు.

నీ పుట్టుక సంగతి కొంచెం చదివాను. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర సరఫరాకు రాజ్యధర్ కొనాయ్ అనే ఆయనతో ఒప్పందం చేసుకున్నాడు. ఆఫీసు ముద్రకు వాడే నూనె సిరా పూయించి, ఆ కాగితం మీద కొనాయ్ అరచేతి ముద్ర వేయించాడు. రేపు మాట తప్పి ‘ఇది నాది కాదు’ అనకుండా భయపెట్టడానికట. ఆ ముచ్చట నుంచి నడిచి నడిచి 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టేదాకా వచ్చింది వ్యవహారం. అందరూ మర్చిపోయే సంగతి ఇంకొకటుంది. కొనాయ్‌కి చదువు వచ్చు. ఆ ఒప్పందం రాసింది ఆయన చేతి రాతే. సంతకం పెట్టబోతుంటే, దాని బదులు చెయ్యి వేయమన్నారు.

నూట అరవై ఏళ్ళు దాటినా నీ అలవాటు మారలేదు. మొన్న మా క్లాసుకొచ్చే ఒకామెతో ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను. ఆమె కలం చేతిలోకి తీసుకుని, ‘సంతకం పెడ్తా సారూ’ అంది. అక్కడి సారు ఆమె చీర చూశాడు, చేతులు చూశాడు, నిన్ను ముందుకు తోశాడు. ‘ఏం వద్దమ్మా, వేలియ్యి, లైన్ పెద్దగున్నది’ అన్నాడు. చెడ్డవాడేం కాదు, లైను నిజంగానే పెద్దగా ఉంది. ఆమె వేలిచ్చింది. కాగితంలో ఏముందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అంతా అరనిమిషంలో ముగిసింది.

నా ఫిర్యాదు ఆ అరనిమిషం మీద. నిన్ను అసలే వద్దనడం లేదు. సంతకాన్ని ఫోర్జరీ చేయొచ్చు, వేలి గీతల్ని అంత సులువుగా చేయలేరు. 2001లో చట్టం మార్చాక రిజిస్ట్రేషన్ ఆఫీసులో అందరూ వేలిముద్ర ఇవ్వాల్సిందే, పెద్ద ఆఫీసరైనా, ప్రొఫెసరైనా. అక్కడ నీ పని న్యాయమైన పని. అయితే చదువుకున్నవాళ్ళ దగ్గర నువ్వు సంతకం తర్వాత వస్తావు. మా వాళ్ళ దగ్గర సంతకానికి బదులు వస్తావు. దాంతోపాటు ఆ కాగితం చదవడానికి, చదివి వినిపించడానికి, ‘ఇదేంది?’ అని అడగడానికి కూడా నువ్వే బదులైపోతావు.

క్లాసులో నీతో నాకున్న తగువు ఇంకోటి. ‘ఈ వయసుల నాకు సదువేంది బిడ్డా, వేలుముద్ర ఏస్తె అయితది గదా’ అని పెద్దమనుషులు అంటుంటే నోరెత్తలేకపోతున్నా. నిజంగానే అయిపోతుంది మరి. పగలంతా నిలబడి పనిచేసి, వంట చేసి, గిన్నెలు కడిగి, రాత్రి పూట కళ్ళజోడు లేకుండా పలక మీదకు వంగే మనిషిని, ఈ కష్టమెందుకో చెప్పి కూర్చోబెట్టాలి. పేరుతో మొదలుపెట్టిద్దామంటే, మా వైపు ఇంటికొక లక్ష్మి. క కింద ష వత్తు, దాని కింద మ వత్తు, పైన గుడి. తెలుగులో ఇంతకన్నా గడుసు అక్షరం మొదటి పాఠానికి దొరకదు. యాదమ్మలు నయం, ఒక్క మ వత్తుతో బయటపడతారు. ఊరి పేరు సరేసరి: సున్న, కొమ్ము, చివర ల కింద ల. అందుకే అ ఆ ల వరుస పట్టుకోకుండా బస్సు బోర్డులతో మొదలుపెడతాను. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ. టికెట్ డబ్బులు మిగులుతున్నాయి గాని, ఏ బస్సో ఎవర్నో అడిగి ఎక్కడం తప్పలేదు. ‘శంషాబాద్’ అని తనే కూడబలుక్కుని చదివి ఎక్కిన రోజున క్లాసుకు వచ్చే ఊపు వేరు. లెక్కలు నేను చెప్పేదేమీ లేదు, సంఘం వడ్డీ నోటి మీద నాకంటే ముందు తేలుస్తారు.

అక్షరం వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంటను అడుగు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఆ జిల్లాలో ఊరూరా నడిచింది. క్లాసు పుస్తకంలో సారా తాగే మొగుళ్ళ గురించి, ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి నిలబడడం గురించి ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. అది తమ కథే అనుకున్నారు వాళ్ళు. దూబగుంట రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా దుకాణానికి అడ్డం పడ్డారు. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా బంద్, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. నిషేధం తర్వాత ఏమైందన్నది వేరే ముచ్చట. ఆ ఆడవాళ్ళలో చాలామందికి అప్పటికి వచ్చింది నాలుగు అక్షరాలే కావచ్చు. కానీ పాఠం చదివారు, దాని మీద మాట్లాడుకున్నారు. నీ దగ్గర మాట్లాడుకోవడానికి ఏముంది? వేలు తుడుచుకోవడానికి గుడ్డ అడగడం తప్ప.

నిన్నొక్కదాన్నే అనను. మా వైపు కూడా ఒక తప్పుడు లెక్క నడిచింది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్, 2020లో మన రాష్ట్రంలో ఈచ్ వన్ టీచ్ వన్, 2022లో మొదలై తర్వాత ఉల్లాస్ అని పేరు పెట్టుకున్న పథకం. పథకం పేరు మారినప్పుడల్లా పుస్తకం అట్ట మారింది. వీటన్నిటి నీడలోనూ ‘సంతకం నేర్పితే చాలు’ అనే మాట తిరుగుతూనే ఉంది. చదవకుండా పెట్టే సంతకం నీకు చుట్టమే అవుతుంది, కొంచెం నీటుగా ఉంటుందంతే. ఉల్లాస్ పరీక్ష ఈ విషయంలో నయం: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కులు. సంతకానికి విడిగా మార్కులు లేవు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్ళలో అక్షరాస్యులు సుమారు 58 శాతం. మిగతావాళ్ళంతా నీ ఖాతాదారులే.

ఖాతా అంటే గుర్తొచ్చింది. వేలిముద్రతో తెరిచిన బ్యాంకు ఖాతాలో సంతకం చెల్లాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. కొత్తగా నేర్చిన చెయ్యి ఈ నెల పెట్టినట్టు వచ్చే నెల పెట్టదు. ‘కలవడం లేదు’ అని మళ్ళీ నీ దగ్గరికే పంపిస్తారు. రేషన్ షాపు మెషీన్‌దీ నీ వంశమే. సిమెంటు కలిపి గీతలరిగిన వేళ్ళను అది గుర్తుపట్టదు. నమ్ముకున్నవాళ్ళను అంత తేలిగ్గా వదిలేస్తారు మీరు.

వచ్చే వారం మా వీధి సంఘానికి లోను కాగితాలొస్తున్నాయి. షరతులు నాలుగు పేజీలున్నాయి. క్లాసులో వాటినే పాఠంగా పెట్టాం. వడ్డీ శాతం, కిస్తీ తేదీ, జామీను అన్నచోట గీతలు గీశాం. ఆ రోజు ఆఫీసులో మా వాళ్ళు ఒక్కో లైనూ వేలు పెట్టి చదువుతారు. ‘జామీను’ దగ్గర ఆగి ఒకరినొకరు అడుగుతారు. వెనక ఉన్నవాళ్ళు గొణుగుతారు, ఆఫీసరు గడియారం చూస్తాడు, నిన్ను దగ్గరికి లాక్కుంటాడు. అప్పుడు మా లక్ష్మి తన పేరు చివరి అక్షరం కింద మ వత్తు పూర్తిచేసేదాకా నువ్వు మూత తీయకు.

ఇట్లు,
తొండుపల్లి రాత్రి బడి వాలంటీరు