కరణం చేతికే ప్రశ్నపత్రం

మొన్న దసరా సెలవులకు మా మనుమడు భూపాలపల్లి నుంచి జనగామకు వచ్చాడు. వాడి నాయన అక్కడ బొగ్గుబాయిలో పని చేస్తాడు. పిల్లవాడు ఇంజనీరింగు రెండో ఏడు. నవల రాస్తున్నానని చెబితే పొంగిపోయాను. ముప్పై ఐదేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినందుకు ఇంట్లో ఒక్కడికైనా అంటుకుందని. దగ్గరికి పోయి చూద్దును గదా, ల్యాప్‌టాప్‌లో వాక్యమన్నది ఒక్కటి లేదు. గడులు గీసి, గడుల్లో అక్షరాలు నింపుతున్నాడు.

"ఏందిరా ఇది, కిరాణం చిట్టీనా?"

"విలన్ తాతా. మస్తు తెలివిగలోడు, లోపల మాత్రం చీకటి. ఐఎన్‌టీజే. ఎన్నియాగ్రాంల ఐదో నంబరు. డార్క్ ట్రయాడ్ ఫుల్లు."

"వాని పేరేంది?"

"ఇంకా పెట్టలే."

"ఏ ఊరోడు? ఏం పని జేస్తడు?"

"ముందుగాల టైపు సెట్టయితే గవన్నీ అవే వస్తయ్ తాతా."

పేరు లేదు, ఊరు లేదు, చేతికి పని లేదు. జాతకం మాత్రం తయారు. మా రోజుల్లో పిల్లవాడు పుట్టినంక జాతకం రాయించేవాళ్ళు. ఇప్పుడు జాతకం రాసుకుని పిల్లవాణ్ణి కంటున్నారు.

వాడు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. 1921లో కార్ల్ యుంగ్ అనే స్విట్జర్లాండు మనోవైద్యుడు మనుషుల స్వభావాల మీద పుస్తకం రాశాడు. దాన్ని పట్టుకుని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక ప్రశ్నపత్రం తయారు చేశారు. మనసు లోపలికా బయటికా, కంటికి కనిపించిందే నమ్ముతాడా ఊహను నమ్ముతాడా, తర్కమా మమకారమా, ముందే తేల్చుకుంటాడా చివరిదాకా నాన్చుతాడా. నాలుగు జతలు, పదహారు గడులు. ఐఎన్‌టీజే అంటే లోపలికి ముడుచుకుని, ఊహతో, తర్కంతో, పక్కా పథకంతో నడిచేవాడు. అందుకని కథలు రాసే పిల్లలు తెలివైన దుర్మార్గుణ్ణి పట్టుకొచ్చి ఆ గడిలోనే కుక్కుతున్నారట. ఎన్నియాగ్రాంది తొమ్మిది గడుల లెక్క. డార్క్ ట్రయాడ్ 2002లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. తన మీద తనకే మోహం, కుటిలత్వం, జాలి లేనితనం, ఈ మూడు పేటల తాడు.

ఇక్కడొక చిత్రం ఉంది. ఆ ఇసబెల్ ప్రశ్నపత్రానికి పదేళ్ళు ముందే ఒక హత్యానవల రాసి బహుమతి కొట్టింది. 1930లో అది పుస్తకంగా వచ్చింది. ఆమె మాత్రం హంతకుణ్ణి ముందు కన్నది, ప్రశ్నపత్రం తర్వాత రాసింది. మావాడు ఆమెను వెనుక నుంచి చదువుతున్నాడు.

మా నాయన కాలంలో గడి అంటే దొర ఉండే బంగళా. దాని ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. ఇప్పటి గడిలో ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు, చెప్పులతో సహా.

చీకటి నిండిన మేధావి కోసం మేం ఏ దేశమూ పోలేదు. జనగామలో పాలకుర్తి దిక్కు పోయే బస్సెక్కితే బమ్మెర వస్తుంది. పోతన ఊరు. 1967లో భక్త ప్రహ్లాద సినిమాలో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుణ్ణి చూసి మేం జడుసుకున్నాం. ఆ మరుసటేడు మా తెలుగు సారు పోతన భాగవతం ఏడో స్కంధం తెరిచి చెబితే, సినిమాలో చూసినదానికి పదింతలు భయం వేసింది.

తోడబుట్టిన హిరణ్యాక్షుడు చచ్చాడు. హిరణ్యకశిపుడు మనుషుల్ని పంపి ఊళ్ళు తగలబెట్టించాడు, తపసులను, యజ్ఞాలు చేసేవాళ్ళను చంపించాడు. ఆ తర్వాత తల్లి దితి దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఏడుస్తున్న ముసలితల్లికి వేదాంతం చెప్పాడు. యుద్ధంలో పడిన సుయజ్ఞుడనే రాజు కథ ఎత్తుకున్నాడు. శవం మీద పడి రాణులు ఏడుస్తుంటే యముడు చిన్నపిల్లవాడి రూపంలో వచ్చి, పోయేది దేహమే, దానికింత ఏడుపెందుకని అడిగిన కథ. తల్లి కళ్ళు తుడుచుకుంది. అంత చక్కగా చెప్పాడు.

సారు పుస్తకం మూసి అడిగాడు. "వాడు తల్లికి అబద్ధం చెప్పిండార్రా?"

ఎవరమూ నోరెత్తలేదు.

"ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. మరి వాడు కాల్చిన ఊళ్ళల్ల తల్లులు లేరా? వాళ్ళకెవరు చెప్పిండ్రు ఆ వేదాంతం?"

అంతే. వాడి చీకటి ఎక్కడుందో అరక్షణంలో తెలిసింది. బ్రహ్మ దగ్గర వాడు వరం అడిగిన తీరు కూడా చూడండి. లోపల కాదు బయట కాదు, పగలు కాదు రాత్రి కాదు, నేల మీద కాదు ఆకాశంలో కాదు. ఆరితేరిన వకీలు రాసిన దస్తావేజు. కొడుకును తొడ మీద కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావు నాయనా అని అడిగిందీ వాడే, ఆ కొడుకును ఏనుగులతో తొక్కించిందీ వాడే. ఇంత మనిషిని నాలుగక్షరాల్లో ఎట్లా మడతపెడతావు?

ఇది పురాణం అంటారా, అటు మానుకోట దిక్కు చిన్నగూడూరు ఉంది. మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. దాశరథి సోదరుల ఊరు చిన్నగూడూరు. తమ్ముడు రంగాచార్య 1969లో రాసిన చిల్లర దేవుళ్ళు నేను కాలేజీలో ఉండగా చదివాను. నిజాం కాలపు పల్లెలో జనం నెత్తిన కూర్చున్న దొర, కరణం అందులో ఉన్నారు. చదివి మా నాయన చేతికిచ్చాను. ఆయన నాలుగు రోజులు కూడబలుక్కుని చదివి, "దొరది దెబ్బ, కరణానిది రాత. దెబ్బ మానుతది" అన్నాడు.

మా నాయన మాట నిజమే. తెలంగాణ రైతుల పోరాటం రోజుల్లో, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం తీసిన తుపాకులు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులవి. అది అందరికీ యాదున్నది. పాలకుర్తిలో తన పొలంలో పనికి రానన్నందుకు చాకలి ఐలమ్మ మీద పగబట్టి, దొరకు చాడీ చెప్పింది ఊరి పట్వారీ, అంటే కరణమే, అన్నది ఎందరికి యాదున్నది? తెలివిగలవాడి చీకటి అట్లాంటిది. తుపాకీ వేరేవాడి చేతిలో ఉంటుంది.

మా నాయన చిన్నప్పటి ఊళ్ళో ఒక కరణం ఉండేవాడట. నోట్లోంచి తిట్టు రాదు. పొద్దుగూకే వేళ ఆసామి వస్తే అరుగు మీద కూర్చోమనేవాడు. లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించేవాడు. ఎద్దు కాలు నయమైందా, బిడ్డ కాన్పు ఎట్లయింది, అన్నీ పేరుపేరునా అడిగేవాడు. అడుగుతూనే పహాణీలో కలం నడిచేది. ఆసామి మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, దండం పెట్టి, వేలిముద్ర వేసి పోయేవాడు. నాలుగేళ్ళకు కచేరీలో తెలిసేది, ఆ గ్లాసెడు మజ్జిగ రెండెకరాల ఖరీదని.

ఇదంతా చెప్పి మనుమణ్ణి అడిగాను. "నీ పరీక్షల జవాబులు ఎవరు రాస్తరు?"

"ఎవరిది వాళ్ళే, తాతా."

"మరింకేం. ఆ కాగితం మా కరణం చేతికిస్తే పదహారు గడులనూ తన పేర పట్టా చేసుకునేటోడు. కరణం సంగతి ఆసామిని అడగాలె."

వాడు నవ్వలేదు. అసాధ్యుడు. "మీ కావ్యాలల్ల నాయకులకు మాత్రం టైపులు లేవా? ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. నాకు నువ్వే చెప్పినవ్. మీ సినిమాల్ల విలనంటే గళ్ళ లుంగీ, చెంప మీద గాటు. అవి గడులు కావా?"

గొంతులో వెలక్కాయ పడ్డది. నిజమే, ఉన్నాయి. కానీ అలంకారశాస్త్రం వాళ్ళు ధీరోద్ధతుడి గడిలో రావణుణ్ణీ కూర్చోబెట్టారు, పరశురాముణ్ణీ కూర్చోబెట్టారు. ఒకడు రాక్షసుడు, ఒకడు అవతారం. గడి స్వభావం చెప్పింది, పాపం సంగతి చెప్పలేదు. మావాడి కాలేజీలో లెక్కల సారు కూడా ఐఎన్‌టీజేనేనట. పాపం, ఆయనేం చేశాడు?

పైగా ఆ పరీక్షే కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలు వస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలే అంటారు. మా జనగామ మా నాయన రోజుల్లో నల్లగొండ జిల్లా, నా ఉద్యోగమంతా వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుంచి తనదే ఒక జిల్లా. మానుకోట, భూపాలపల్లి కూడా ఆనాడే జిల్లాలైనవి. గడి రెండుసార్లు మారింది. మా బోరింగు నీళ్ళ రుచి మారలేదు.

"అయితే నువ్వు రాయి తాతా పరీక్ష" అన్నాడు.

రాశాను. ఐఎన్‌ఎఫ్‌జే వచ్చింది. మెత్తని మనసు, ఎదుటివాళ్ళ బాధ ఇట్టే గ్రహిస్తాడు, ఆదర్శవాది. ఇంత మాట నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. పరీక్షలో కొంత శాస్త్రం ఉన్నట్టే తోచింది.

వాడు ఊరుకోక ల్యాప్‌టాప్ వంటింట్లోకి పట్టుకుపోయాడు. చిక్కుడుకాయ ఈనె తీస్తున్న మా ఇంటావిడను నా గురించి అవే ప్రశ్నలు అడిగాడు.

"ఎదుటోళ్ళు చెప్పేది ఓపికతోని వింటడా, నాయినమ్మా?"

"ఎవరు?"

"తాత."

ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టి మరీ నవ్వింది. లెక్క తేలితే ఈఎస్‌టీజే అట. హుకుం జారీ చేసేవాడు, తన పద్ధతే పద్ధతి అనేవాడు. ప్రశ్నలు సరిగ్గా అడగలేదన్నాను.

"నువ్వే చెప్పినవ్ కద తాతా, కరణం సంగతి ఆసామిని అడగాల్నని."

ఇగ నేనేం మాట్లాడను. వాడు వచ్చి నా పక్కన కూర్చుని, గడులన్నీ చెరిపేశాడు. కాసేపాగి, "మా గల్లీకి జీతాల దినం ఒకాయన వస్తడు తాతా, వడ్డీకిస్తడు. ఎవరింట్ల పిల్లలు ఏ క్లాసో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో అన్నీ యాదుంచుకుంటడు. చాక్లెట్లు తెస్తడు. చిన్నప్పుడు నాకూ ఇచ్చిండు. ఆయన పోయినంక అమ్మ ఆ పూట అన్నం తినకపోయేది" అన్నాడు.

"రాయి" అన్నాను.

రాయడం మొదలుపెట్టాడు. ఈసారి వాక్యాలే.

అంతలో ఆవిడ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది. వాడు గ్లాసు అందుకోబోయి ఆగి, నా దిక్కు చూసి, "ఏడ సంతకం పెట్టాలె, నాయినమ్మా?" అన్నాడు.