రోజూ ఒక అరుదైన శస్త్రచికిత్స

పొద్దున్నే పేపరు తిప్పితే సిటీ పేజీలో ఏదో ఒక మూల ‘అరుదైన శస్త్రచికిత్స’ జరిగి తీరుతుంది. వారానికి ఆరుసార్లు జరిగేది అరుదెలా అయిందని నేనూ ఏనాడూ అడగలేదు. అడిగే మొహం లేదు, 22 ఏళ్లు ఆ బీటే చూశాను గనక. ఆస్పత్రుల వ్యాపారం మీద రిపోర్టింగ్ చేశానని చెప్పుకుంటాను. ఆ ‘మీద రిపోర్టింగ్’ తీసేసినా తప్పు లేదు.

ఈ రకం వార్తకు పెన్ను అక్కర్లేదు. ఆస్పత్రి పీఆర్వో పంపిన నోట్‌లో కణితి బరువు, రోగి ఊరు చూసుకుంటే చాలు. కణితి గ్రాములతో సహా రావాలి. డాక్టర్ల పేర్లు డిగ్రీలతో సహా రావాలి. ఒక్క డిగ్రీ జారిపోతే ఎడిటర్ కన్నా ముందు యాడ్స్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. రోగి ఎంత కట్టాడన్న ఒక్క ముక్కకే పేజీలో చోటుండదు.

ఒకసారి బంజారాహిల్స్‌లో ప్రెస్‌మీట్. ఆస్పత్రి పేరు వద్దులెండి. మోకీళ్లు మార్పించుకున్న పెద్దావిడను వేదిక మీద నాలుగడుగులు నడిపించి, చేతిలో పూలగుత్తి పెట్టి, నోటి దగ్గర మైకు పెట్టారు. “చెప్పమ్మా, ఇప్పుడెట్లుంది?”

“నొప్పి పోయింది సారూ. ఎకరం గూడ పోయింది.”

పీఆర్వో మైకు లాక్కుని, “అమ్మ కొంచెం ఎమోషనల్ అయ్యారు. లంచ్ అటువైపు సార్” అన్నాడు. బిర్యానీ బాగుంది. తెల్లారి నా వార్తలో నొప్పి పోయింది. ఎకరం ప్రస్తావన లేదు.

నేరుగా గానీ పరోక్షంగా గానీ రోగుల్ని రాబట్టుకోవడం డాక్టర్లకే కాదు, సంస్థలకూ అనైతికమని భారత వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. అందుకే కాబోలు, ఆ పని మాకు అప్పగించారు. జిల్లా విలేకరి పాట్లు ఇంకా ఘోరం. ఆస్పత్రి వార్షికోత్సవానికి యాడ్ తేవాల్సిందీ అతనే, అక్కడి బిల్లుల దోపిడీ రాయాల్సిందీ అతనే. వచ్చేది అచ్చయిన లైన్ల లెక్కన నాలుగు రూకలు. ఏది రాస్తాడో మీరే చెప్పండి.

2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంట్ ధరకు కేంద్రం 29,600 రూపాయల దగ్గర కళ్లెం వేసింది. అంతకుముందు దాకా రోగి చేత లక్ష పైచిలుకు కట్టించిన సరుకది. ‘స్టెంట్లు చౌక’ అని రాశాను. నిన్నటిదాకా ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్లిందని రాయలేదు. మరుసటి ఏడాది జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు తిరగేసి, కొన్ని సరుకుల మీద లాభం 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. కణితిని గ్రాముల్లో తూచే మా డెస్కు ఆ అంకె చూసి ‘మనవి కావులే’ అని ఊపిరి పీల్చుకుంది. మరి మన ఊళ్లో ఎంతో చూద్దామని ఒక్కరూ అనలేదు. అందులో నేనూ ఉన్నాను.

ఇప్పుడు రిటైరయ్యాను, పేపరు తీరిగ్గా చదువుతున్నాను. మొన్న మళ్లీ ఒక అరుదైన శస్త్రచికిత్స వార్త. దాని కిందే అదే ఆస్పత్రి పావు పేజీ ప్రకటన. రెండింటి చివరా ఉన్న ఫోన్ నంబరు ఒక్కటే.