కమాను ఎఫ్‌ఏది.. కప్పు అమ్మాయిలది!

లండన్‌లో పాత వెంబ్లీ స్టేడియాన్ని 300 రోజుల్లో కట్టేసి 1923లో తెరిచారు. 2000 అక్టోబరులో అక్కడ ఆఖరి మ్యాచ్. వానలో జర్మనీ చేతిలో 0-1తో ఓడగానే ఇంగ్లండ్ కోచ్ కెవిన్ కీగన్ రాజీనామా మాట చెప్పేశారు. ఎక్కడనుకున్నారు? మరుగుదొడ్డిలో! ఆ ఇబ్బంది మనసులో పెట్టుకున్నారేమో, కొత్త స్టేడియంలో ఏకంగా 2,618 మరుగుదొడ్లు కట్టించారు. ఇక ఎంతమంది కోచ్‌లైనా క్యూ కట్టకుండా రాజీనామా చేసుకోవచ్చు.

పాత స్టేడియం జంట బురుజులు కూల్చి 133 మీటర్ల ఎత్తున ఉక్కు కమాను నిలబెట్టారు. 2006 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు సిద్ధమన్నారు. పని పూర్తికాక ఆ ఫైనల్ కార్డిఫ్‌లో ఆడుకున్నారు. 2007లో గేట్లు తెరిచేసరికి బిల్లు 80 కోట్ల పౌండ్ల దాకా పాకింది. తీరా చూస్తే పచ్చిక నిలవదు, మూడేళ్లలో పదిసార్ల దాకా మార్చారు. పందిరి ఘనంగా వేసి పెళ్లిపీటలు మరిచిపోయినట్టు!

2021 యూరో ఫైనల్లో అదే కమాను కింద ఇంగ్లండ్ మగవాళ్లు పెనాల్టీల్లో ఇటలీకి దాసోహమన్నారు. మరుసటి ఏడాది అమ్మాయిలు అక్కడే జర్మనీని చిత్తుచేసి యూరో కప్పు ఎత్తారు. ఫుట్‌బాల్ ఆడవాళ్లకు తగదంటూ 1921లో క్లబ్బుల మైదానాల గేట్లు మూయించింది ఎవరో కాదు, ఈ కమాను సొంతదారైన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏనే. యాభై ఏళ్లు ఆపారు గానీ, లేకుంటే కప్పుల కోసం ఇంకో గది కట్టాల్సి వచ్చేది. బిల్లు మళ్లీ పెరిగేది!